రెండుసార్లు సవరించిన ఇనుము

వనపర్తిలో కూర్చుని గెలాక్సీల మీద పనిచేశానంటే ఇప్పటికీ కొందరు నవ్వుతారు. టెలిస్కోప్ ఎక్కడ పెట్టావు, కాలేజీ డాబా మీదనా అని అడుగుతారు. టెలిస్కోప్ లేదు. నా కొలువు మొత్తంలో ఒక్కసారి కూడా నేను పెద్ద టెలిస్కోప్ పక్కన నిలబడలేదు. వేరేవాళ్లు ఎక్కడో కొండల మీద పట్టుకున్న వెలుతురును, వాళ్ల పని అయిపోయాక అందరికీ వదిలేస్తే, సీడీల మీద తెప్పించుకుని పట్టపగలు ఫ్యాను కింద కొలిచినవాణ్ణి. అది చిన్న పని అని నేనెప్పుడూ అనుకోలేదు. అనుకున్నవాళ్లతో పోట్లాడాను కూడా.

నాకు కోపం ఎక్కువని మా కాలేజీలో పేరు. అబద్ధం కాదు. తిమ్మాజిపేట దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, లాంతరు కింద చదివి ఫిజిక్స్ లెక్చరర్ అయ్యాను. అలా వచ్చినవాడికి తనకు తెలిసిన నాలుగు ముక్కల మీద పట్టింపు ఎక్కువే ఉంటుంది. ఇది నా గొప్ప చెప్పుకోవడానికి రాస్తున్నది కాదు. ఇప్పుడు పరిశోధనలో ఉన్న పిల్లలు, అంతకంటే ముఖ్యంగా రేపో మాపో మరొకరికి గైడ్ కాబోయే పిల్లలు చదవాలని రాస్తున్నాను. నా వల్ల ఒక మనిషికి జరిగిన నష్టం గురించి ఇది. పేర్లు ఎవరివీ రాయను.

మేం చేసిన పని ఏమిటో ముందు కొంచెం చెప్పాలి. లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో మీకు అందదు.

కోడిగుడ్డులా నున్నగా ఉండే గెలాక్సీలు కొన్ని ఉంటాయి. వాటిలో నక్షత్రాలు చాలావరకు ముసలివి. వాటి వెలుతురును రంగులుగా విడదీస్తే ఆ రంగుల పట్టీలో అక్కడక్కడా నల్లటి గీతలు కనిపిస్తాయి. ఫలానా చోట గీత ఉంటే మెగ్నీషియం, ఫలానా చోట ఉంటే ఇనుము. గీత ఎంత గట్టిగా పడిందో కొలిచి, ఆ గెలాక్సీలో ఆ మూలకం ఎంత ఉందో లెక్కగడతాం. మెగ్నీషియం పెద్ద నక్షత్రాలు పేలినప్పుడు తొందరగా వచ్చేస్తుంది. ఇనుములో ఎక్కువ భాగం నిదానంగా, చాలాకాలం తర్వాత వస్తుంది. కాబట్టి ఇనుముతో పోలిస్తే మెగ్నీషియం ఎక్కువగా ఉందంటే, ఆ గెలాక్సీ తన నక్షత్రాలన్నిటినీ తొందర తొందరగా పుట్టించి చేతులు దులుపుకుందని అర్థం. గెలాక్సీ ఎంత పెద్దదైతే ఈ మెగ్నీషియం వాటా అంత ఎక్కువని అప్పటికే ప్రపంచంలో చాలామంది కొలిచి చెప్పి ఉన్నారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. గెలాక్సీ లోపల నక్షత్రాలు ఊరికే ఉండవు, అటూ ఇటూ పరుగెడుతుంటాయి. ఆ పరుగు వల్ల గీతలు అలుక్కుపోయి, అసలు ఉన్నదానికంటే పలచగా కనిపిస్తాయి. సిరాతో గీసిన సన్నగీతను బొటనవేలితో రాసినట్టు అవుతుంది. పెద్ద గెలాక్సీలో పరుగు ఎక్కువ, అలుకుడూ ఎక్కువ. ఇనుము గీతలు సన్నవి కాబట్టి వాటికి దెబ్బ ఇంకా ఎక్కువ తగులుతుంది. అందుకని కొలిచిన అంకెను ఒక లెక్క ప్రకారం పెంచి అసలు విలువకు తేవాలి. దాన్ని మేం సవరణ అనేవాళ్లం. అది ఒక్కసారే చెయ్యాలి.

యూనివర్సిటీ నన్ను గైడ్‌గా గుర్తించాక నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన మొదటి మనిషి, చివరి మనిషి కూడా, గద్వాల అమ్మాయి. అక్కడ ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. తండ్రికి గద్వాలలోనే మోటార్ వైండింగ్ షాపు. ధరూర్ వైపు ఊళ్ల నుంచి కాలిపోయిన బోరు మోటార్లు ఆటోల్లో అక్కడికి వచ్చేవి. ముస్లిం ఇంటి పిల్ల, తోబుట్టువుల్లో పెద్దది, మాట తక్కువ. మొదటిరోజు నా ముందు కూర్చుని సూటిగా అడిగింది.

"పోయి చూడకుండనే అండ్ల ఏమున్నదో ఎట్ల నమ్మాలె సార్?"

"మీ నాయన మోటర్ ఇప్పకుండనే ఏం కాలిందో చెప్తడా లేదా?" అన్నాను.

"చెప్తడు సార్. వాసన చూసే చెప్తడు. కానీ ఇప్పి చూసినంకనే తీగ చుడ్తడు."

నాకు నవ్వొచ్చింది. "మనకు ఇప్పి చూసే నసీబు లేదు బిడ్డా. అందుకే లెక్క జాగ్రత్తగ చెయ్యాలె," అన్నాను. ఆ మాట అన్నది నేనే. గుర్తుపెట్టుకోవలసింది కూడా నేనే.

అప్పట్లో ఎండాకాలం వచ్చిందంటే కరెంటు దినంలో సగం ఉండేది కాదు. కోత గద్వాలకు ఒక టైము, వనపర్తికి ఒక టైము. అక్కడ పొద్దున ఉంటే మాకు మధ్యాహ్నం ఉండేది. దాన్నిబట్టే పని పంచుకున్నాం. ఆమె తన కాలేజీ కంప్యూటరు మీద పొద్దున పూట గీతలు కొలిచి, సీడీ మీద ఎక్కించి, మరునాడు బస్టాండులో మా బాటనీ సార్ చేతికి ఇచ్చేది. బాటనీ సార్ గద్వాలలో ఇల్లు పెట్టుకుని రోజూ వనపర్తికి అప్ అండ్ డౌన్ చేసేవాడు. పెబ్బేరులో బస్సు మారేటప్పుడు తొక్కిసలాటలో విరక్కుండా ఆ సీడీని టిఫిన్ డబ్బాకూ న్యూస్ పేపరుకూ మధ్య పెట్టుకుని తెచ్చేవాడు. ఒకటి రెండు సీడీలకు మామిడికాయ తొక్కు నూనె అంటితే దూదితో తుడిచి వాడుకున్నాను. మధ్యాహ్నం కరెంటు రాగానే నేను సవరణ చేసి గ్రాఫు గీసేవాణ్ణి. కొలుచుడు ఆమెది, సవరణ నాది. మూడేళ్లు అలాగే నడిచింది.

కరెంటు కోత టైముటేబులు చూసుకుని గెలాక్సీల పని పంచుకున్నవాళ్లు ఇంకెక్కడా ఉండరని నేను స్టాఫ్ రూంలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. బాటనీ సార్ మాత్రం, "మీ గెలాక్సీలు గింత బరువుంటయని నాకు తెల్వదు సార్, బ్యాగు గుంజుతుంది," అని ఏడిపించేవాడు.

ఒక ఎండాకాలం మా కాలేజీ వైపు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రెండు వారాలు అసలు కరెంటే లేదు. సరిగ్గా అప్పుడే ఆమె పెద్ద గెలాక్సీల కట్ట కొలవడం ముగించింది. నేను ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, "ఈ ఒక్క కట్టకు సవరణ గూడ నువ్వే చేసి పంపు. ప్రోగ్రాం నీ దగ్గర ఉన్నది గద," అని చెప్పాను. సరే సార్ అంది. చేసి పంపింది. నేను ఆ సీడీని బీరువాలో పెట్టాను. కరెంటు వచ్చేసరికి నాకు వాల్యుయేషన్ డ్యూటీ పడి, జవాబు పత్రాలు దిద్దడానికి ఊరు దాటిపోయాను. తిరిగొచ్చి, సీడీ తీసి, అలవాటు ప్రకారం సవరణ ప్రోగ్రాంలో వేశాను. ఫోన్ చేసిన సంగతి నా బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది. సీడీ కవరు మీద ఆమె పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. నేను చదవలేదు.

రెండోసారి సవరణ పడేసరికి పెద్ద గెలాక్సీల్లో ఇనుము పొంగిపోయింది. దాంతో మెగ్నీషియం వాటా పడిపోయింది. గ్రాఫు మీద పైకి ఎక్కవలసిన చుక్కల వరస చాప పరిచినట్టు చదునుగా పడుకుంది. అంటే గెలాక్సీ చిన్నదైనా పెద్దదైనా మెగ్నీషియం వాటా ఒకటే. అంటే అందరూ చెప్పింది తప్పు, వనపర్తిలో మేం కనిపెట్టింది ఒప్పు. ఆ మధ్యాహ్నం సంతోషంతో నాకు అన్నం సయించలేదు.

ప్రపంచం ఒకవైపు, మనం ఒకవైపు ఉన్నప్పుడు ముందు మన లెక్కను అనుమానించాలి. ఫస్టియర్ పిల్లలకు నేను చెప్పే పాఠమే అది. నేను మాత్రం ప్రిన్సిపాల్ గదికి పోయి చెప్పాను. ప్రిన్సిపాల్ విలేకరికి చెప్పాడు. జిల్లా పేజీలో నా ఫోటో వచ్చింది, పక్కన గెలాక్సీ అని చెప్పి ఏదో తోకచుక్క బొమ్మ వేశారు. కాలేజీలో చిన్న సభ పెట్టి శాలువా కప్పారు. ఆమెను గద్వాల నుంచి పిలిపించాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచకపోవడమే తప్పు, మిగతావాళ్లకు ఆమె ఎవరో తెలియదు.

ఆ తర్వాతి శనివారం, నేను పంపిన గ్రాఫు పట్టుకుని ఆమె వనపర్తికి వచ్చింది. స్టాఫ్ రూంలో అయిదారుగురం ఉన్నాం. బాటనీ సార్ నా పక్క కుర్చీలోనే టిఫిన్ డబ్బా విప్పుకుంటున్నాడు.

"సార్, జర ఒకటి అడుగుత," అంది.

"అడుగు."

"పెద్ద గెలాక్సీలకు సవరణ రెండుసార్లు పడ్డట్టు కొడ్తుంది సార్. నేనొకపారి చేసి పంపిన. మళ్ల మీరు గిన చేసిన్రా ఏంది?"

నేను కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాను. నాకు కోపం వచ్చే ముందు చేసే పని అది. "ఈ ప్రోగ్రాం రాసింది ఎవరు?"

"మీరే సార్."

"నువ్వు ఇంటర్ల ఉన్నప్పుడు రాసిన. రిజల్టు కొత్తగ వస్తే ధైర్యం సాలక లెక్క మీద పడుడు మంచి పద్ధతి కాదు. పో, థీసిస్ రాస్కోపో."

"సరే సార్," అని వెళ్లిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు, నేనూ నవ్వాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకాన్ని నేను. నాలుగో కాలు ఆమె చేత్తో పట్టి చూపించినా చూడలేదు.

ఆ ఏడే నాగర్‌కర్నూల్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ పర్మనెంటు పోస్టు పడింది. ఆమెకు అప్పటికి కాంట్రాక్టు మీద ఆరేడేళ్లు. ప్రతి జూన్‌లో మళ్లీ తీసుకుంటారో లేదోనని ఎదురుచూసే బతుకు. ఆ ఏడు దాటితే వయసు పరిమితి కూడా దాటిపోతుంది, ఇక అలాంటి పోస్టుకు దరఖాస్తు పెట్టే వీలే ఉండదు. థీసిస్ సమర్పించడానికి సిద్ధంగా ఉందని యూనివర్సిటీ ఇచ్చే సర్టిఫికెట్ నెలాఖరులోగా దరఖాస్తుకు జతపరచాలి. ఆ సర్టిఫికెట్ రావాలంటే కమిటీ ముందు సెమినార్ ఇవ్వాలి. మాకు ఇరవయ్యో తారీకు దొరికింది. నెలాఖరుకు పది రోజులు ఉన్నాయి కదా అని నిశ్చింతగా హైదరాబాద్ బస్సెక్కాం.

ఆమె బాగా చెప్పింది. తడబాటు లేదు. చదునుగా పడుకున్న ఆ గ్రాఫు తెర మీదికి వచ్చినప్పుడు కమిటీ పెద్దాయన ముందుకు వంగాడు. నా కంటే పెద్దవాడు, గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు.

"ఈ పెద్ద గెలాక్సీల్లో కొన్నిటిని వేరే డేటాతో నేనే కొలిచానమ్మా. మీ ఇనుము అంకెలు నావాటికంటే ఎక్కువగా ఉన్నాయి. ఎంత ఎక్కువంటే, సరిగ్గా సవరణ ఎంత ఉంటుందో అంత. రెండుసార్లు చేశారా?"

ఆ మాట వినగానే నాకు ఎస్టీడీ బూత్ గుర్తొచ్చింది. బూత్ గాజు తలుపు, చెమటకు జారుతున్న రిసీవరు, నేనన్న మాటలు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. స్టాఫ్ రూంలో ఆమె అడిగింది కూడా గుర్తొచ్చింది.

పెద్దాయన నిదానంగా చెప్పాడు. "ఎందుకు అడుగుతున్నానంటే, మీ ఇద్దరి మధ్య ఫైళ్లు చేతులు మారేటప్పుడు జరిగిన పొరపాటైతే పెద్ద సంగతేం కాదు. మళ్లీ లెక్కవేసి వారంలో తెచ్చివ్వండి, సర్టిఫికెట్ ఇచ్చేస్తాం. అలా కాక, తన డేటా ఏ స్థితిలో ఉందో క్యాండిడేట్‌కే తెలియదంటే మాత్రం మొదటి నుంచి మళ్లీ చెయ్యాలి. ఆరు నెలలు పడుతుంది. ఎవరు చేశారిది?"

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. నేను చెప్తానని చూసింది.

నేను నా ముందున్న కాగితాలు సర్దుకున్నాను. ఆ కొద్దిసేపట్లో నా తలలో ఏం తిరిగిందో దాచకుండా చెప్తాను. జిల్లా పేజీలో ఫోటో తిరిగింది. శాలువా తిరిగింది. స్టాఫ్ రూంలో కిసుక్కుమన్న నవ్వు ఈసారి నా మీద వినిపించింది. ఆమె పోస్టు సంగతి కూడా తలలో ఉంది, కాకపోతే వరసలో ఆఖరున ఉంది.

"నేను చూస్కోలేదు సార్. తప్పు నాదే," అంది ఆమె.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "గైడ్‌గారు ఏమంటారు?"

"మళ్లీ జాగ్రత్తగా చేయిస్తాను సార్," అన్నాను.

ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. చేయిస్తాను అన్నాను. చేసిందెవరో తెలిసి ఆ మాట అన్నాను. కమిటీ ఆరు నెలలని రాసి సంతకాలు చేసింది.

తిరుగు బస్సు జడ్చర్ల దాటింది. కొత్తకోటలో నేను దిగాలి, ఆమె అదే బస్సులో గద్వాల పోవాలి. దిగేముందు ఇక ఉండబట్టలేక అడిగాను. "నీదని ఎందుకన్నవ్?"

ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ చెప్పింది. "మీరు అంటరనుకున్న సార్. మీరు అనకపోతిరి. పెద్దసారు అడుగుతనే ఉండె. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలె గద."

నా కోసం త్యాగం చేసిందని అనుకుంటే నాకు సుఖంగా ఉండేది. అది త్యాగం కాదు. నేను ఖాళీగా వదిలేసిన చోటును ఆమె నింపవలసి వచ్చింది. అంతే.

కాలేజీలో నేనేమీ చెప్పలేదు. నాలుగో రోజు బాటనీ సార్ భోజనం ముగించి అడిగాడు. "ఆ పిల్లకు ఆర్నెల్లు పడ్డయంట గద సార్?"

"అజాగ్రత్త," అన్నాను. సిగ్గు లేకుండా ఆ మాట కూడా అన్నాను.

ఆయన డబ్బా మూత బిగించాడు. "సీడీలల్ల ఏముంటదో నాకు తెల్వదు సార్, నేను మోసేటోన్ని. కానీ ఆ పిల్ల గీ కుర్చీ కాడ నిలవడి మిమ్మల్ని అడిగింది నేను విన్న. ఏం అడిగిందో నాకు సమజ్ కాలే. అడిగింది అయితే నిజం." అని చేతులు కడుక్కోవడానికి లేచిపోయాడు. పదేళ్ల స్నేహంలో ఆయన నాతో ఎదురు మాట్లాడింది అదొక్కసారే.

నేను బీరువా తెరిచి ఆ సీడీ బయటికి తీశాను. కవరు మీద పెన్సిల్‌తో, "సవరణ చేసిన. మళ్ల చేయొద్దు సార్," అని తేదీతో సహా రాసి ఉంది.

మరునాడు సెలవు పెట్టి గద్వాల పోయాను. ఆమె కాలేజీలో ఉంది. షాపులో తండ్రి ఉన్నాడు. చుట్టూ కాలిన రాగితీగ కట్టలు, వార్నీష్ వాసన. నన్ను చూసి లేచి, చెయ్యి గుడ్డకు తుడుచుకుని, స్టూలు జరిపి కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టాడు.

"మాఫ్ చేయుండ్రి సార్. మా పిల్ల తప్పుతోని మీకు గంత పెద్ద ఆఫీసుల మాట వచ్చిందంట. దానికి జర తొందర ఎక్కువ. నేను గట్టిగనే చెప్పిన, సార్ గంత మంచిగ నేర్పిస్తుంటే గట్లెట్ల చేస్తివని."

"తప్పు ఆమెది కాదు భాయ్, నాది," అన్నాను.

ఆయన నవ్వాడు. "పెద్దోళ్లు గట్లనే అంటరు సార్. అది మీ మంచితనం."

ఇంకోసారి చెప్పాను. ఆయన నమ్మలేదు. కాలిన మోటార్ ఒకటి ముందుకు లాక్కుని, "మోటర్ కాలితే అందరు కరెంటును తిడ్తరు సార్. సుట్టినోనికి తెలుస్తది యాడ తప్పిందో. మా పిల్ల దాని తప్పు అదే ఒప్పుకున్నది, నాకు గదే సంతోషం," అన్నాడు. చాయ్ తాగి లేచాను.

గద్వాల పోస్టాఫీసులోనే కూర్చుని కమిటీ పెద్దాయనకు ఉత్తరం రాశాను. ఫోన్ సంగతి, కవరు మీద రాత సంగతి, ఆమె అడిగితే నేను కసిరిన సంగతి, సెమినార్‌లో నేను నిజం చెప్పని సంగతి, వరసగా రాసి రిజిస్టరు పోస్టులో వేశాను. జవాబు వచ్చేదాకా ఆగలేక రెండు రోజులకు నేనే హైదరాబాద్ పోయి ఆయన గది ముందు నిలబడ్డాను. ఉత్తరం ఆయన బల్ల మీదే ఉంది.

"సమావేశం మినిట్స్ మీద అందరి సంతకాలు అయిపోయాయి. మళ్లీ తెరవాలంటే కమిటీ మళ్లీ కూర్చోవాలి. అది వచ్చే నెలలోగాని కుదరదు," అన్నాడు. ఉత్తరం మడిచి, "మిమ్మల్ని నేను అడిగాను కదా," అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. నా చేతులు కాలితే బాధ లేకపోను, కాలినవి ఆమెవి. నెలాఖరు దాటిపోయింది. నాగర్‌కర్నూల్ పోస్టులో వేరెవరో చేరారు. అతనెవరో నాకు తెలియదు, మంచి టీచరే అయ్యుంటాడు. వచ్చే నెల కూర్చున్న కమిటీ నా ఉత్తరం చదివి ఆరు నెలల షరతు తీసేసింది. అప్పటికి ఆమెకు దాంతో తొందరేమీ లేదు.

నేను జరిగిందంతా చెప్పి, ఉత్తరం నకలు ఆమె చేతికిచ్చాను. మొత్తం చదివింది. మడిచి నోట్‌బుక్కులో పెట్టుకుని, "మొత్తం మళ్ల మొదటినుంచి చేస్త సార్. ఈసారి కొలుచుడు, సవరణ రెండు నేనే చేస్త," అంది. మొదటినుంచి చెయ్యవలసిన పని లేదని చెప్పబోయి ఊరుకున్నాను. నా లెక్క మీద ఆమెకు నమ్మకం పోయింది. పోకపోతే ఆమె మంచి శాస్త్రవేత్త కాదు.

ఏడాదిన్నర పట్టింది. ఈసారి చుక్కల వరస బుద్ధిగా పైకి ఎక్కింది. పెద్ద గెలాక్సీల్లో మెగ్నీషియం వాటా ఎక్కువ, అందరూ చెప్పినట్టే. అందులో కొత్తేమీ లేదు. జిల్లా పేజీవాళ్లు రాలేదు. కొత్తది ఒకటి మాత్రం ఆమె చేసింది. సవరణ ఎన్నిసార్లు పడిందో అంకెలను చూసే పట్టుకునే పద్ధతి ఒకటి తయారుచేసింది. మామూలు నక్షత్రాల గీతలను కావాలని తానే అలికి, ఒకసారి సవరించి చూసింది, అసలు విలువ తిరిగొచ్చింది. రెండోసారి సవరించి చూసింది, మెగ్నీషియం కొంచెం, ఇనుము బాగా దాటిపోయాయి. ఆ రెండూ ఏ మేరకు దాటాయో చూస్తే తప్పు బయటపడుతుంది. థీసిస్‌లో దానికొక అధ్యాయం పెట్టింది. తప్పు ఎవరు చేశారన్నది అందులో ఎక్కడా రాయలేదు.

వైవా రోజున గది నిండింది. మా కాలేజీ నుంచి బాటనీ సార్ కూడా వచ్చాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ అధ్యాయం దగ్గర ఆగి, "థీసిస్ మొత్తంలో నాకు నచ్చింది ఇదే. ఈ ఆలోచన ఎలా వచ్చిందమ్మా?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పబోయింది. ఈసారి నేను లేచి నిలబడ్డాను.

"ఆ తప్పు నేను చేసింది సార్. ఆమె పట్టుకుంది. పట్టుకుని నాకు చెప్తే కసిరి పంపించాను. తర్వాత కమిటీ ముందు ఆమె తన మీద వేసుకుంటే ఊరుకున్నాను. దానివల్ల ఆమెకు ఒక ఉద్యోగం పోయింది."

పరీక్షకుడు నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. ఇలాంటి నిజాయితీ ఈ రోజుల్లో అరుదని అన్నాడు. ఎవరో చప్పట్లు మొదలుపెడితే అందరూ కొట్టారు. తప్పు చేసినందుకు శాలువా, ఒప్పుకున్నందుకు చప్పట్లు. రెండూ నాకే వచ్చాయి. బాటనీ సార్ ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

గైడ్ కాబోయే పిల్లలకు నేను చెప్పేది ఎక్కువ లేదు. మీ దగ్గరికి వచ్చినవాళ్లు మీ లెక్కను అనుమానిస్తే ముందు కూర్చోమనండి. నలుగురిలో అడిగితే నలుగురిలోనే జవాబు చెప్పండి. తప్పు ఒప్పుకోవడానికి మంచి రోజు కోసం చూడకండి. నేను చూశాను, మంచి రోజు వచ్చింది, అది నాకు మాత్రమే మంచి రోజు అయింది.

వైవా అయ్యాక బయటికొస్తే ఆమె మెట్ల దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. డాక్టర్‌గారూ అని పిలిచి అభినందించాను. నవ్వింది. తర్వాత కోపం లేకుండా, పాఠంలో అనుమానం అడిగినట్టు అడిగింది.

"గీ మాట గారోజే అంటే అయిపోతుండె గద సార్?"

అవునని తల ఊపాను. ఆమె గడియారం చూసుకుని, బస్సు టైమైంది పోతానని చెప్పి మెట్లు దిగింది. మరునాడు గద్వాలలో ఆమెకు ఫస్ట్ పీరియడ్ ఉంది. ఉద్యోగం ఆ కాంట్రాక్టుదే.